టీకాకొక టీక



తెలుగు పండితునిగా ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళో పద్యాలు చెప్పినవాణ్ణి. ప్రతిపదార్థం, తాత్పర్యం, టీక – వీటితోనే పొద్దుపుచ్చాను. మూలంలో ముడివడి ఉన్న మాటను విప్పి అర్థం చూపేది టీక. చివర దీర్ఘం తీసి టీకా అంటే జనానికి సూదిమందు గుర్తుకు వస్తుంది. ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదని పిల్లలకు నవ్వుతూ చెప్పేవాణ్ణి. అలాంటి నేను ఒకసారి ఒక టీకా విషయంలో, టీక చూడకుండానే తాత్పర్యం చెప్పేశాను. ఆ తప్పు దిద్దుకోవడానికి చదివిన చరిత్ర ఇది.

2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాలలోనూ తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైంది. తొమ్మిది నెలలు నిండిన బిడ్డ మొదలు పదిహేనేళ్ళ లోపు వారందరికీ, ఇంతకుముందు వేయించుకున్నా సరే, ఇంకొక్కసారి వేయాలన్నది సంకల్పం. మా బడికీ ఆరోగ్య సిబ్బంది వచ్చారు. జాబితా పట్టుకుని పిల్లలను వరుసలో నిలబెట్టే పని నాది. ఆరో తరగతి పాప ఒకతె వాళ్ళమ్మ రాసిచ్చిన చీటీ నా చేతిలో పెట్టింది. “అయ్యవారికి నమస్కారం. మా పాపకు కోడిగుడ్డు పడదు. ఈ సూదిలో గుడ్డు ఉంటుందని అంటున్నారు. దయచేసి వేయించవద్దు.”

ఆ తల్లి భయం వట్టిది కాదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజున ఆ పిల్ల తన గుడ్డును పక్కపిల్లకు ఇచ్చేసేది. అంతకు ముందు ఏడాది ఒకనాడు పొరపాటున తిన్నది. పెదవులు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందక రొప్పుతుంటే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ముఖం నా కళ్ళముందు నుంచి పోలేదు. అందుచేత మారుమాట లేకుండా ఆ పేరు ఎదుట ‘మినహాయింపు’ అని రాసి, ఎర్రసిరాతో గీత గీశాను. పిల్లను కాపాడానన్న తృప్తితోనే ఇంటికి వెళ్ళాను.

రెండు వారాల తరువాత, తప్పిపోయిన పిల్లల కోసం నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఎర్రగీత చూసి, “మాష్టారూ, ఈ పాపకు వద్దని ఏ డాక్టరుగారు చెప్పారండీ?” అని అడిగింది. నేను నోరు మెదపలేదు. ఏ డాక్టరూ చెప్పలేదు. రాసింది నేను.

* * *

మన భాషలో ఈ జబ్బుకు మాట ఏనాటినుంచో ఉంది. ‘నాకు వంకాయ పడదు’, ‘ఆ నీళ్ళు గిట్టవు’ అంటాం. ఆయుర్వేదం దీనినే అసాత్మ్యం అన్నది. పదిమందికి అన్నమైనది ఒకరికి విషంలా పనిచేయవచ్చునన్న ఎరుక మన పెద్దలకు ఉండేదన్నమాట. అయితే ‘పడదు’ అన్న మాట చాలా విశాలమైనది. కడుపు ఉబ్బరించినా పడదనే అంటాం, ప్రాణం మీదికి వచ్చినా పడదనే అంటాం. ఈ రెంటినీ విడదీసి చూడడం ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో ఐరోపాలో మొదలైంది.

ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్తియే సముద్రజీవుల విషాన్ని కుక్కలకు ఎక్కించి చూశారు. కొద్దికొద్దిగా ఇస్తే అలవాటుపడి తట్టుకుంటాయని వారి అంచనా. జరిగింది దానికి విరుద్ధం. మొదటి మోతాదుకు బతికిన కుక్క, కొన్ని వారాల తరువాత అంతకంటే చాలా తక్కువ మోతాదుకు నిమిషాలలో చచ్చిపోయింది. రక్షణ కలగవలసిన చోట దానికి విలోమం జరిగిందన్న భావంతో 1902లో వారు దానికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

అదే కాలంలో వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల వైద్యుడు మరొక వింత గమనించాడు. కంఠసర్పి సోకిన పిల్లలకు గుర్రపు రక్తం నుంచి తీసిన సీరాన్ని ఎక్కించేవారు. కొందరికి రోజుల తరువాత జ్వరం, దద్దుర్లు వచ్చేవి. అదే బిడ్డకు రెండోసారి ఎక్కిస్తే ఆ లక్షణాలు ఇంకా త్వరగా, తీవ్రంగా కనిపించేవి. బేలా షిక్‌తో కలిసి 1905లో ఆయన దీనిపై గ్రంథం వెలువరించాడు. మరుసటి ఏడాది, 1906లో, గ్రీకు ధాతువులతో ‘ఎలర్జీ’ అన్న మాటను సృష్టించాడు. ‘మారిన ప్రతిస్పందన’ అని దాని అర్థం. గమనించారా? ఈనాడు మనం వేరుసెనగకూ రొయ్యలకూ వాడుతున్న ఆ మాట పుట్టింది వంటింట్లో కాదు, సూదిమందు వేసే గదిలో. కనుక టీకాలకు ఎలర్జీ అన్న ప్రశ్న వైద్యులకు ఎవరో బయటివాళ్ళు గుర్తుచేసినది కాదు. ఆ శాస్త్రం ఆ ప్రశ్నతోనే కళ్ళు తెరిచింది.

1912లో న్యూయార్క్ వైద్యుడు ఆస్కర్ ష్లాస్ గుడ్డు, బాదం, ఓట్సు పడని ఒక బాలుణ్ణి పరీక్షించాడు. చర్మాన్ని కొద్దిగా గీరి ఆయా పదార్థాలను తాకించి, దద్దు లేచిందో లేదో చూశాడు. ‘పడదు’ అన్న మాటను రుజువు చేయగల సాధనం అప్పటికి చేతికందింది.

* * *

ఇక గుడ్డు టీకాలోకి ఎలా వచ్చిందో చూద్దాం.

వైరస్ బతికిన కణంలో తప్ప పెరగదు. కనుక వైరస్ టీకా చేయాలంటే దానికొక ఇల్లు చూపించాలి. 1796లో జెన్నర్‌కు ఆవు ఆ ఇల్లు అయింది. మన కోస్తా, రాయలసీమలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో, 1899లో ఏర్పడిన గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ లేగదూడల చర్మం మీద మశూచి టీకారసాన్ని పెంచేది. నా ఈడువారి భుజాల మీద ఉన్న మచ్చలు ఆ టీకా గుర్తులే. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ వేసే సూదులు గుర్తున్నాయి కదా! ఆ మందుకు గొర్రె మెదడు ఇల్లు. ఆ మెదడు పదార్థం వల్ల కొందరికి నరాల జబ్బులు వచ్చేవి. మన దేశంలో 2005 నాటికి దానిని మానేసి, కణాల మీద పెంచిన టీకాలకు మారారు. ఏ ఇంట్లో పెరిగిందన్న ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

1931లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్, ఆలిస్ వుడ్రఫ్ పొదిగిన కోడిగుడ్డులో వైరస్‌ను పెంచి చూపారు. చవకగా, అంతటా దొరికే, పెంకుతో మూసి ఉన్న ప్రయోగశాల చిక్కింది. 1937 నాటికి మాక్స్ థైలర్ కోడిపిండంలో పెంచిన 17డి అనే రకంతో పసుపు జ్వరం టీకా సిద్ధమైంది. 1945లో అమెరికాలో గుడ్డులో పెంచిన ఫ్లూ టీకాకు అనుమతి దొరికింది. లక్షల మంది ప్రాణాలు నిలిచాయి. దానితోపాటే, గుడ్డు పడనివాళ్ళ సంగతేమిటన్న చిక్కు కూడా వచ్చి పడింది.

తట్టు టీకా కథ ఇక్కడ వేరే దారి పట్టింది. 1954లో బోస్టన్ సమీపంలోని ఒక బడిలో తట్టు చెలరేగితే, జాన్ ఎండర్స్ శిష్యుడు థామస్ పీబుల్స్ అక్కడికి వెళ్ళి పిల్లల రక్తం సేకరించాడు. డేవిడ్ ఎడ్మన్‌స్టన్ అనే విద్యార్థి రక్తం నుంచి వైరస్ దొరికింది. బడిపిల్లవాడి ఇంటిపేరు ఈనాటికీ టీకా పేరులో నిలిచి ఉంది. ఎండర్స్ బృందం ఆ వైరస్‌ను చివరకు కోడిపిండం కణాలకు అలవాటు చేసి బలహీనపరిచింది. 1963లో టీకా వచ్చింది. అంతకు ముందు తట్టు ఏటా ఇరవై ఆరు లక్షల ప్రాణాలు తీసేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇక్కడొక సమాసం విప్పాలి. ‘గుడ్డు టీకా’ అన్న మాటకు రెండు విగ్రహవాక్యాలు చెప్పవచ్చు. గుడ్డులో పెంచిన టీకా అన్నది ఒకటి. ఫ్లూ, పసుపు జ్వరం టీకాలు ఆ కోవలోవి. గుడ్డులోని పిండం నుంచి కణాలను తీసి, కడిగి, గాజుపాత్రలో పెంచి, వాటి మీద సాకిన వైరస్‌తో చేసిన టీకా అన్నది రెండోది. ఎండర్స్ తట్టు టీకా, గవదబిళ్ళల టీకా ఈ కోవకు చెందుతాయి. మొదటిదానిలో తెల్లసొన మాంసకృత్తులు కొంత మిగులుతాయి. రెండోదానిలో మిగిలేది పికోగ్రాముల నుంచి నానోగ్రాముల లెక్క. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. సమాసం ఒకటే కనుక అర్థమూ ఒకటేననుకోవడం దగ్గర ప్రమాదం మొదలైంది.

* * *

తట్టు టీకా తరువాత అరుదుగా కొందరు పిల్లలకు అనాఫిలాక్సిస్ వచ్చింది. వారిలో గుడ్డు పడనివారూ ఉన్నారు. ఇంకేం, నేరం గుడ్డు మీద పడింది. 1983లో అమెరికా వైద్యులు కొందరు, గుడ్డు పడని పిల్లలకు ముందు టీకాతో చర్మపరీక్ష చేయాలని, దద్దు లేస్తే చుక్క చుక్కగా మోతాదు పెంచుతూ ఇవ్వాలని సూచించారు. జాగ్రత్త మంచిదే. కానీ ఆ పరీక్ష అన్ని ఊళ్ళలో దొరకదు. దొరకని చోట పిల్లలు టీకా లేకుండానే మిగిలిపోయేవారు. పైగా ఆ పరీక్షలో దద్దు లేచినవారికి టీకా వేస్తే ఏమీ కాకపోవడం, దద్దు లేవనివారిలో కొందరికి ఇబ్బంది కలగడం కనిపించింది. గుడ్డు హాయిగా తినే పిల్లలకూ అనాఫిలాక్సిస్ వచ్చిన సందర్భాలు ఉన్నాయి. దొంగ వేరెవరో అయి ఉండాలి.

1993లో కాలిఫోర్నియాలో జాన్ కెల్సో అనే వైద్యుడు ఒక పదిహేడేళ్ళ అమ్మాయి సంగతి ప్రచురించాడు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా వేసిన నిమిషాలలో ఆమెకు అనాఫిలాక్సిస్ వచ్చింది. జెల్లీ తిన్నప్పుడు కూడా తనకు ఇలాంటిదే అవుతుందని ఆ అమ్మాయే చెప్పింది! పరీక్షిస్తే, ఆమెకు పడనిది జెలటిన్ అని తేలింది. వైరస్ చెడిపోకుండా టీకాలో కలిపే పదార్థం అది. పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. జెల్లీ మిఠాయిలలోనూ అదే ఉంటుంది. ఆ అమ్మాయి మాట వినిపించుకున్న వైద్యుడు ఉండబట్టి ముప్పై ఏళ్ళ చిక్కుముడిలో ఒక పోగు ఊడింది.

తరువాత జపాను వైద్యులు దీనిని స్థిరపరిచారు. అక్కడ పసికందులకు వేసే కంఠసర్పి–ధనుర్వాతం–కోరింతదగ్గు టీకాలలో కొన్నింటిలో జెలటిన్ ఉండేది. అది కొందరి ఒంట్లో ఎలర్జీకి విత్తనం నాటింది. ఆపైన జెలటిన్ ఉన్న తట్టు టీకా వేయగానే ఆ విత్తనం మొలకెత్తింది. అచ్చంగా రిషే కుక్కలలో చూసిన రెండో మోతాదు కథే. తయారీదారులు జెలటిన్‌ను తీసివేశాక ఆ సంఘటనలు తగ్గిపోయాయి. టీకాలో తప్పే ఉండదని ఎవరూ వాదించలేదు. తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకుని తీసివేశారు.

గుడ్డు మీది నేరారోపణకు 1995లో గట్టి సమాధానం వచ్చింది. జాన్ జేమ్స్, వెస్లీ బర్క్స్ ప్రభృతులు గుడ్డు ఎలర్జీ ఉన్న 54 మంది పిల్లలకు ఆ మూడింటి టీకాను చుక్కల లెక్కతో కాక ఒకే మోతాదుగా వేశారు. వారిలో గుడ్డుతో ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒక్కరికీ తీవ్రమైన ప్రతిక్రియ రాలేదు. ఆ దశాబ్దం ముగిసేలోగా, తట్టు టీకాకు ముందు గుడ్డు ఎలర్జీ కోసం చర్మపరీక్ష అక్కరలేదన్న మాట పిల్లల వైద్యుల మార్గదర్శకాలలోకి ఎక్కింది. వేదాంతులు చెప్పే రజ్జుసర్పభ్రాంతి ఇదే. మసకచీకట్లో తాడును పాము అనుకున్నందుకు ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. దీపం తెచ్చి చూడకపోవడమే తప్పు.

* * *

నిజంగా గుడ్డులోనే పెంచే ఫ్లూ టీకా సంగతి? అక్కడ దీపం ఇంకా మెల్లగా వెలిగింది. 2011 వరకు గుడ్డు ఎలర్జీ ఉన్నవారికి ఆ టీకా ఇవ్వరాదన్నదే అమెరికాలో సాధారణ నియమం. ఈలోగా తయారీలో శుద్ధి పెరిగి, చాలా టీకాలలో గుడ్డు మాంసకృత్తి మోతాదుకు ఒక మైక్రోగ్రాము కంటే తక్కువకు దిగింది. 2012లో వచ్చిన ఒక సమీక్ష, ఫ్లూ టీకా వేయించుకున్న 4172 మంది గుడ్డు ఎలర్జీవారి వివరాలు కూర్చింది. వారిలో 513 మందికి గుడ్డుతో తీవ్ర ప్రతిక్రియ వచ్చిన చరిత్ర ఉంది. టీకాతో అనాఫిలాక్సిస్ ఒక్కరికీ రాలేదు. 2015లో బ్రిటనులో 779 మంది గుడ్డు ఎలర్జీ పిల్లలకు ముక్కులో కొట్టే ఫ్లూ టీకా ఇచ్చి చూశారు. అక్కడా అదే ఫలితం. నియమాలు ఒక్కొక్క మెట్టు సడలుతూ వచ్చి, 2023లో అమెరికా సలహా సంఘం తుదిమాట చెప్పింది: అందరికీ తీసుకునే జాగ్రత్తలు తప్ప, గుడ్డు ఎలర్జీవారికి ప్రత్యేకంగా మరే జాగ్రత్తా అక్కరలేదు.

ఐతే అన్నింటినీ ఒకే గాటన కట్టరాదు. పసుపు జ్వరం టీకాలో గుడ్డు మాంసకృత్తి ఎక్కువ. ఆఫ్రికాకో దక్షిణ అమెరికాకో ప్రయాణం కట్టిన గుడ్డు ఎలర్జీ మనిషి ముందుగా నిపుణుణ్ణి కలవవలసిందే. జెలటిన్ పడనివారి సంగతీ అంతే. అన్నింటికంటే ముఖ్యం, ఏదైనా టీకా వేసినప్పుడే అనాఫిలాక్సిస్ వచ్చిన బిడ్డకు, కారణం తేలేవరకు అదే టీకా మళ్ళీ వేయరాదు. పాలు పడని పిల్లలలో కొందరికి కోరింతదగ్గు టీకాలతో ఇబ్బంది కలిగిందని 2011లో ఒక నివేదిక వచ్చింది. పోషక ద్రవంలోని పాలపదార్థపు జాడలను అనుమానించారు. అయినా పాలు పడని పిల్లలకు ఆ టీకా మానవలసిన అవసరం లేదన్నారు.

ఇంతకీ ప్రమాదం ఎంత? అమెరికాలో రెండున్నర కోట్లకు పైగా టీకా మోతాదులను పరిశీలించి 2016లో ప్రచురించిన లెక్క ఉంది. అందులో టీకా వల్ల వచ్చిన అనాఫిలాక్సిస్ 33 మందికి. అంటే పది లక్షల మోతాదులకు సుమారు 1.3. ఆ 33 మందిలో ఎవరూ చనిపోలేదు. సున్నా కాదు కనుకనే సూది వేశాక అరగంట కూర్చోమంటారు, ఎడ్రినలిన్ అందుబాటులో ఉంచుకుంటారు. ఆ అరగంట ఏ జబ్బూ లేని బిడ్డకు ఎంతో, గుడ్డు పడని బిడ్డకూ అంతే అవసరం.

* * *

మళ్ళీ మా పాప దగ్గరికి వస్తాను.

నర్సమ్మ నన్ను నిష్ఠూరమాడలేదు. “అమ్మను తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి మాష్టారూ” అని మాత్రం అన్నది. వెళ్ళాం. ఆ వైద్యుడు పాప చరిత్ర అంతా ఓపికగా విన్నాడు. ఇంతకుముందు ఏ టీకాకైనా ఇలా అయిందా అని అడిగాడు. లేదన్నది తల్లి. తొమ్మిదో నెలలో తట్టు టీకా వేయించారా అన్నాడు. వేయించామన్నది. అప్పుడేమీ కాలేదు కదా అన్నాడు. ఆమె నావైపు చూసింది, నేను గోడవైపు చూశాను. ఆ ఒక్క ప్రశ్న అడగాలని నాకు తోచనే లేదు.

ఆపైన ఆయన చెప్పిన సంగతి విని నేను నివ్వెరపోయాను. ఆ కార్యక్రమంలో మన పిల్లలకు వేసిన టీకా పుణే సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైనది. అందులోని తట్టు వైరస్ ఎడ్మన్‌స్టన్–జాగ్రెబ్ రకం. బోస్టన్ బడిపిల్లవాడి వైరస్‌నే క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో మానవ కణాలకు అలవాటు చేసి రూపొందించినది. పుణేలో దానిని పెంచేదీ మానవ కణాల మీదనే. అంటే నేను ఏ గుడ్డుకు భయపడి ఎర్రగీత గీశానో ఆ గుడ్డు ఆ సీసాలో లేనే లేదు. 1960ల నాటి టీకా గురించిన భయాన్ని, దశాబ్దాలలో మారిపోయిన మందు మీద, 2017లో ఒక పసిదాని పేరు ఎదుట రాశాను.

పాపకు సూది వేశారు. అరగంట అనుకున్నది గంట కూర్చున్నాం. నాకు చెమటలు పట్టాయి గాని ఆమెకు ఏమీ కాలేదు. చేయి నొప్పిగా ఉందని, ఇంటికి పోతూ ఒక ఐస్‌క్రీము కొనిపించుకుంది. అందులో గుడ్డు ఉందో లేదో అట్ట మీద రెండుసార్లు చదివి మరీ తిన్నది. చదవవలసినది చదివి చూడడం నాకంటే ఆ పిల్లకే బాగా తెలుసు.

తట్టు గాలిలో వ్యాపించే జబ్బు. టీకా లేని బిడ్డ ఎక్కడుందో వెతుక్కుంటూ వస్తుంది. నాలాంటి సదుద్దేశపు ఎర్రగీతలు ఎన్ని బడులలో, ఎన్ని జాబితాలలో మిగిలిపోయాయో తలచుకుంటే దిగులు వేస్తుంది. మీ ఇంట గుడ్డో పాలో పడని బిడ్డ ఉంటే ఆ మాట వైద్యునికి తప్పక చెప్పండి. దాచవద్దు. కానీ తీర్పు మీరే రాసుకోవద్దు. ఏ టీకా, దేని మీద పెరిగింది, అందులో ఇంకేం కలిపారు అని అడగండి. మూలం చూడకుండా తాత్పర్యం రాసిన విద్యార్థికి నేను సున్నా వేసేవాణ్ణి. ఆనాటి నా జవాబుకూ అంతే మార్కులు.

స్వస్తి.